"మన దగ్గర తక్కువే" అనే మాట ఎక్కడ తప్పుతుంది: గర్భసంచి లోపొర క్యాన్సర్, ప్రపంచ లెక్కలు, మన లెక్కలు

మీరు అడిగినవి రెండు. గుంటూరులో ఉండే మీ పెద్దమ్మగారికి 58 ఏళ్లు. నెలసరి ఆగి ఆరేళ్లయింది. షుగర్ ఉంది, ఎత్తు 152 సెం.మీ., బరువు 82 కిలోలు. నెల కిందట రెండు రోజులు ఎర్ర మరక కనబడితే స్కాన్ తీయించారు, ఎండోమెట్రియం, అంటే సంచి లోపొర, మందం 11 మి.మీ. అని వచ్చింది. "ఈ వయసులో సంచి ఉండి చేసేదేముంది, తీసేద్దాం" అని డాక్టర్ అన్నారు. ముక్క పరీక్ష (బయాప్సీ) లేకుండా నేరుగా ఆపరేషన్‌కి వెళ్లొచ్చా అన్నది మొదటి ప్రశ్న. ఈ క్యాన్సర్ ప్రపంచమంతా పెరుగుతోందని చదివారు, ఇక్కడేమో మన ఆడవాళ్లకు చాలా తక్కువని అంటున్నారు, ఏది నమ్మాలి అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: వెళ్లకండి. ముందు లోపొర నుంచి ముక్క తీసి పరీక్ష చేయించండి, ఆ రిపోర్టు చేతికి వచ్చాకే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోండి. వారం, పది రోజుల పని ఇది. ఆ వారంలో పోయేదేమీ లేదు, పరీక్ష మానేస్తే మాత్రం చాలా పోవచ్చు.

ఎందుకంటే మామూలు గర్భసంచి ఆపరేషన్, క్యాన్సర్‌కి చేసే ఆపరేషన్ ఒకటి కావు. క్యాన్సర్ అయితే సంచి మొత్తం, సర్విక్స్‌తో (సంచి కింది ద్వారంతో) సహా, ముక్కలు కాకుండా బయటికి రావాలి. రెండు ట్యూబులు, రెండు అండాశయాలు కూడా తీయాలి. కటి భాగంలోని లింఫ్ గ్రంథులను చూడాలి. పొత్తికడుపు లోపల ఎక్కడైనా పాకిందేమో వెతకాలి. ఇవేమీ లేకుండా సంచి ఒక్కటే తీసేశాక, పది రోజులకు వచ్చిన రిపోర్టులో క్యాన్సర్ అని ఉంటే పరిస్థితి ఇరకాటంలో పడుతుంది. గ్రంథుల సంగతి తెలియదు, స్టేజ్ తేలదు. రెండోసారి కడుపు తెరవాలా, లేక అంచనా మీద రేడియేషన్ ఇవ్వాలా అన్న తర్జనభర్జన మొదలవుతుంది. లాపరోస్కోపీలో సంచిని యంత్రంతో తురిమి బయటికి తీసే మోర్సెలేషన్ పద్ధతి జరిగి ఉంటే ఇంకా కష్టం, కణాలు కడుపంతా చల్లినట్టవుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2014లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. కింది సర్విక్స్ వదిలేసి పై భాగం మాత్రమే తీసే ఆపరేషన్ కూడా ఇలాంటి కేసులో వద్దు.

ఇక మందం సంగతి. నెలసరి ఆగి 12 నెలలు నిండాక కనబడే రక్తం ఏదైనా, ఒక్క చుక్కయినా, గులాబీ రంగు నీళ్లలా ఉన్నా, పరీక్ష చేయించాల్సిందే. యోని గుండా చేసే స్కాన్‌లో పొర 4 మి.మీ. లేదా అంతకంటే పలచగా ఉంటే క్యాన్సర్ లేదని చెప్పడానికి అది 99 శాతానికి పైగా నమ్మదగ్గ ఆధారం. 4 దాటితే ముక్క కావాలి. మీ పెద్దమ్మగారికి 11. ఇలా రక్తం కనబడిన వందమందిలో దాదాపు 9 మందికే క్యాన్సర్ తేలుతుంది. మిగతావాళ్లలో ఎక్కువమందికి పొర ఎండిపోవడమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో, మామూలు మందమో ఉంటుంది. కాబట్టి ఇప్పటినుంచే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తాల్సిన పని లేదు. కానీ ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 90 మంది మొదట గమనించేది ఈ రక్తమే. ఇంత ముందుగా, ఇంత స్పష్టంగా తలుపు తట్టే క్యాన్సర్లు తక్కువ.

పొట్ట మీద నుంచి చేసిన స్కాన్‌లో మందం కొలిచి ఉంటే ఆ అంకె మీద ఆధారపడవద్దు. బరువు ఎక్కువున్నవాళ్లలో పై నుంచి చూస్తే పొర సరిగ్గా కనబడదు. రిపోర్టులో టీవీఎస్ (యోని గుండా చేసిన స్కాన్) అని ఉందో లేదో చూడండి. అలాగే 4 మి.మీ. సూత్రానికి మూడు మినహాయింపులున్నాయి. మొదటిది, పొర పలచగా ఉన్నా రక్తం మళ్లీ మళ్లీ కనబడితే ముక్క తీయాల్సిందే. సీరస్ రకం క్యాన్సర్ పలచటి పొరలోనూ పుడుతుంది. రెండోది, రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లు. ఆ మందు పొరను ఉబ్బించి చూపిస్తుంది, అందుకే వాళ్లలో మందం అంకెకు విలువ తక్కువ, రక్తం కనబడిందా లేదా అన్నదే లెక్క. మూడోది, నెలసరి ఇంకా వస్తున్నవాళ్లు. వాళ్లలో పొర మందం నెలలో రోజును బట్టి మారుతుంటుంది, 4 అనే గీత వాళ్లకు వర్తించదు. అమెరికా గైనకాలజిస్టుల మార్గదర్శకాలు అలాంటివాళ్లలో రక్తస్రావం అస్తవ్యస్తమైతే 45 ఏళ్ల నుంచి ముక్క పరీక్ష చేయమంటాయి. మన దగ్గర 40 దాటితే చేయించడమే మంచిదని నా అభిప్రాయం. ఊబకాయం, పీసీఓడీ, మందులకు తగ్గని రక్తస్రావం ఉంటే 40 లోపైనా సరే.

పాప్ స్మియర్ నార్మల్ వచ్చిందని మీరు చివర్లో రాశారు. అది సర్విక్స్‌ని చూసే పరీక్ష, లోపొర క్యాన్సర్ దానికి చాలాసార్లు చిక్కదు. ఇక్కడ మన భాషే మనల్ని తికమక పెడుతోంది. "గర్భసంచి క్యాన్సర్" అని మనం రెండు వేర్వేరు జబ్బులను ఒకే మాటతో అంటాం. కింది ద్వారం దగ్గర వచ్చే సర్విక్స్ క్యాన్సర్‌కి కారణం హెచ్‌పీవీ వైరస్; దానికి టీకా ఉంది, స్క్రీనింగ్ ఉంది. సంచి లోపొరలో వచ్చేది హార్మోన్ల వల్ల, బరువు వల్ల, కొందరిలో వంశం వల్ల. దీనికి టీకా లేదు, లక్షణాలు లేని ఆడవాళ్లందరికీ చేసే స్క్రీనింగ్ కూడా లేదు. ప్రపంచ లెక్కల్లో సర్విక్స్‌కి సి53, సంచికి సి54, ఏ భాగమో రాయని వాటికి సి55 అని మూడు కోడ్లు. కేసు షీటు మీదో, మరణ ధ్రువీకరణ పత్రం మీదో ఉత్త "సీఏ యుటెరస్" అని రాసి వదిలేస్తే అది సి55లో పడుతుంది. తర్వాత ఎక్కడో కూర్చుని లెక్కలు కట్టేవాళ్లు దాన్ని అంచనా మీద మిగతా రెండింటికీ పంచాలి. ఒక పేషెంటు కాగితం మీద ఒక్క మాట తక్కువ రాయడం ఒక దేశం లెక్కను కదిలిస్తుంది. మీ పెద్దమ్మగారి ప్రతి రిపోర్టు మీద "ఎండోమెట్రియం" అన్న మాట ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు రెండో ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వేసే గ్లోబోకాన్ అంచనాల్లో 2020లో ప్రపంచం మొత్తం మీద కొత్త కేసులు సుమారు 4.17 లక్షలు, మరణాలు 97 వేల పైచిలుకు. 2022లో కేసులు 4.2 లక్షలు. ఆడవాళ్ల క్యాన్సర్లలో ఆరో స్థానం. జబ్బుల భారం మీద పనిచేసే ఇంకో పెద్ద అంచనా, జీబీడీ, 1990 నుంచి 2019 దాకా వెనక్కి చూసి చెప్పేదేమిటంటే, కేసులు సుమారు 1.87 లక్షల నుంచి 4.35 లక్షలకు పెరిగాయి, మరణాలు సుమారు 56 వేల నుంచి 92 వేలకు దగ్గరయ్యాయి.

ఈ అంకెలను చూసి "రెట్టింపు కంటే ఎక్కువైంది" అనేస్తారు. అందులో పెద్ద భాగం జనాభా పెరగడం, ఆడవాళ్లు ఎక్కువ ఏళ్లు బతకడం. ఇది ప్రధానంగా 50 దాటాక వచ్చే జబ్బు, కాబట్టి 60 ఏళ్ల వాళ్లు ఎక్కువ ఉన్న సమాజంలో కేసులూ ఎక్కువుంటాయి. ఆ తేడా తీసేయడానికి అన్ని దేశాలకూ ఒకే వయసు పంపిణీ ఉందనుకుని లెక్క మళ్లీ కడతారు, అదే వయసు సవరించిన రేటు. అలా సవరించి చూసినా కొత్త కేసుల రేటు పైకే పోతోంది, నెమ్మదిగా. సవరించిన మరణాల రేటు మాత్రం ప్రపంచ సగటున తగ్గింది. త్వరగా పట్టుకుని ఆపరేషన్ చేయగలిగిన దేశాల పుణ్యం అది. 1978 నుంచి 2013 దాకా 43 జనాభాల రిజిస్ట్రీలను, అంటే క్యాన్సర్ కేసుల నమోదు పట్టికలను, పోల్చిన అధ్యయనంలో 26 చోట్ల రేటు పెరిగింది. వేగంగా పెరిగినవాటిలో దక్షిణాఫ్రికా, కొన్ని ఆసియా దేశాలు ఉన్నాయి. రేటు అసలు ఎక్కువగా ఉన్నవి ఉత్తర అమెరికా, తూర్పు యూరప్. అక్కడ లక్షమంది ఆడవాళ్లకు ఏటా సుమారు 20. మన దేశంలో 3 లోపే. "మన దగ్గర తక్కువ" అనేవాళ్లు ఈ అంకెనే చూసి అంటున్నారు. అంకె నిజమే. దాని నుంచి లాగే నిర్ధారణ దగ్గరే తప్పు జరుగుతోంది.

మొదటి తప్పు, కేసులను మాత్రమే చూసి మరణాలను చూడకపోవడం. 2020 అంచనాల్లో భారతదేశంలో కొత్త కేసులు సుమారు 16,400, మరణాలు సుమారు 6,400. అంటే ఆ ఏడాది తేలిన ప్రతి వంద కేసులకు 39 మరణాలు. ప్రపంచం మొత్తానికి అదే లెక్క కడితే 23. ఇది సూటిగా బతికే అవకాశం కాదు, కానీ తేడా ఎటు మొగ్గిందో చెబుతుంది. జబ్బు సంచిలోనే ఉండగా పట్టుబడితే అమెరికా లెక్కల్లో అయిదేళ్లు బతికేవాళ్లు నూటికి 95 మంది. దూరంగా పాకాక పట్టుబడితే 20 లోపు. మధ్యలో పోగొట్టుకునేది కాలాన్ని.

రెండో తప్పు, అదే మన జిల్లాలకు బాగా తగిలేది. లక్షమందికి ఇన్ని అన్నప్పుడు ఆ లక్షలో ఎవరెవరున్నారు? గర్భసంచి తీసేసిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఈ క్యాన్సర్ రావడానికి ఆ అవయవమే లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లు దేశ సగటున 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోకెల్లా ఎక్కువ మనమే. తర్వాత తెలంగాణ, 7.7. ఇది 49 దాకా లెక్కే. ఆ తర్వాతి వయసుల్లో చేరేవాళ్లు అదనం. ఉదాహరణకు ఒక లెక్క అనుకుందాం. లక్షమంది ఆడవాళ్లున్న చోట 20 వేలమందికి సంచి లేదు, 10 కేసులు వచ్చాయి. పైకి రేటు లక్షకు 10. సంచి ఉన్న 80 వేలమందితో భాగిస్తే 12.5. ఇంకా సంచి ఉన్న మీ పెద్దమ్మగారికి వర్తించేది రెండో అంకె. అమెరికాలో ఈ సవరణ చేసి చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. నల్లజాతి మహిళల్లో సంచి ఆపరేషన్లు ఎక్కువ కావడంతో వాళ్ల అసలు రేటు అంతకాలం తక్కువగా కనబడింది. సవరిస్తే తెల్లవాళ్ల కంటే ఎక్కువని తేలింది. వాళ్లలో మరణాల రేటు తెల్లవాళ్లకు దాదాపు రెట్టింపు.

పొరపాటున దీన్ని "అయితే సంచి తీయించేసుకుంటే గొడవే లేదు కదా" అని చదువుకోవద్దు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని, ముట్టు ఎక్కువవుతోందని 35 ఏళ్లకే సంచి తీసేయడం మన పల్లెల్లో మామూలైపోయింది. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముందుగా మొదలవుతాయి. అనవసరపు సంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. మన ప్రాంతంలో రెండు నష్టాలూ పక్కపక్కనే ఉన్నాయి: అవసరం లేని వయసులో సంచి తీసేస్తున్నారు, అవసరమైన వయసులో పరీక్ష లేకుండా తీసేస్తున్నారు.

మూడోది, గుంటూరు, కృష్ణా జిల్లాల అంకె ఎక్కడి నుంచి వస్తుందన్నది. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో జనాభా ఆధారిత రిజిస్ట్రీలు 28. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి అందులో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. దేశం సగటులో మన డెల్టా పల్లెలు అంచనాగా కలుస్తున్నాయి, తలలు లెక్కపెట్టి కాదు.

ఇక ఎందుకు పెరుగుతోంది అన్నది. ఈస్ట్రోజన్ లోపొరను పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలకు కళ్లెం వేసి, నెలాఖరుకు పొర రాలిపోయేలా చేస్తుంది. కళ్లెం లేకుండా మొదటిది ఒక్కటే ఏళ్ల తరబడి పనిచేస్తే పొర దట్టమవుతుంది, కణాలు దారి తప్పుతాయి. దీనికి చరిత్రలో దొరికిన అతి స్పష్టమైన రుజువు అమెరికాది. నెలసరి ఆగినవాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే మాత్రలుగా విరివిగా ఇచ్చారు, కేసులు ఎగబాకాయి. 1975లో వెలువడిన అధ్యయనాలు ఆ మాత్రలకూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న లంకె చూపించాయి. మాత్రలు రాయడం తగ్గింది, కేసులూ తగ్గాయి. అందుకే ఈ రోజు సంచి ఉన్నవాళ్లకు హార్మోన్ మందులు ఇస్తే ప్రొజెస్టిరాన్ కలిపే ఇవ్వాలి. ఎవరైనా ఈస్ట్రోజన్ ఒక్కటే రాస్తే ఎందుకని అడగండి.

నెలసరి ఆగాక అండాశయాలు మిన్నకుంటాయి, కానీ కొవ్వు మిన్నకుండదు. కొవ్వు కణాల్లో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ వేరే హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. బరువు సూచిక, అదే బీఎంఐ, 5 పాయింట్లు పెరిగినప్పుడల్లా ఈ క్యాన్సర్ ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. ఊబకాయంతో ఇంత గట్టిగా ముడిపడిన క్యాన్సర్ మరొకటి లేదనే చెప్పాలి. మీ పెద్దమ్మగారి ఎత్తు, బరువుకు బీఎంఐ 35.5. బీఎంఐ 22.5 ఉన్నవారితో పోలిస్తే ముప్పు దాదాపు మూడింతలు. షుగర్ దాని మీద అదనం. ఆంధ్రప్రదేశ్‌లో బీఎంఐ 25 దాటిన ఆడవాళ్లు 2015-16లో 33.2 శాతం ఉంటే 2019-21లో 36.3 శాతం. దేశ సగటు 24. మన రేపటి కేసులు ఈ అంకెలో ఉన్నాయి.

బరువు ఒక్కటే కాదు కూడా. జపాన్‌లో ఊబకాయం చాలా తక్కువ. అయినా అక్కడ లోపొర క్యాన్సర్ సర్విక్స్ క్యాన్సర్‌ను దాటేసింది. కాన్పులు తగ్గడం ఒక కారణం. ప్రతి గర్భం లోపొరకు తొమ్మిది నెలల ప్రొజెస్టిరాన్ రక్షణ. కాన్పులు తగ్గితే ఆ రక్షణ తగ్గుతుంది. 2019-21 సర్వేలో ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 1.7. చాలా దేశాల్లో ఆ లోటును కొంత భర్తీ చేసింది గర్భనిరోధక మాత్ర. అయిదేళ్లు వాడితే ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గుతుంది, మానేశాక కూడా 30 ఏళ్ల దాకా ఆ మేలు నిలుస్తుంది. మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ట్యూబెక్టమీయే. దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ మీదే ఉన్నారు, మాత్ర వాడేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. ట్యూబెక్టమీ చేయించుకోవడం తప్పని అనడం లేదు, అది మంచి పద్ధతే. కానీ ఇతర దేశాల ఆడవాళ్లకు దక్కిన ఆ అదనపు కాపుదల మనవాళ్లకు దక్కలేదు. బరువు పెరుగుతోంది, కాన్పులు తగ్గాయి, మాత్ర లేదు. మూడూ ఒకే దిక్కుకు లాగుతున్నాయి. ముప్పై ఏళ్ల కిందటి తక్కువ రేటును పట్టుకుని ధీమాగా ఉండటానికి వీల్లేదనేది అందుకే.

ముక్క ఎలా తీస్తారో చెబుతాను, పెద్దమ్మగారికి భయం తగ్గుతుంది. పైపెల్ అనే ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, 3 మి.మీ. లావు, సన్నటి స్ట్రా లాంటిది. మత్తు అక్కర్లేదు, ఓపీలోనే అయిపోతుంది. సర్విక్స్ గుండా లోపలికి పోనిచ్చి, లోపలి పిస్టన్‌ను వెనక్కి లాగితే పీడనం పుడుతుంది. గొట్టాన్ని తిప్పుతూ మూడు నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ కదిపితే పొర ముక్కలు గొట్టంలోకి చేరతాయి. ఒకటి రెండు నిమిషాలు ముట్టు నొప్పి లాంటి నొప్పి ఉంటుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసుకుంటే నయం. కిడ్నీ సమస్య ఉంటే ఏ మాత్రో డాక్టర్‌నే అడగండి. యాస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఎక్కడ తప్పుతుందంటే, పైపెల్ పొరలో కొంత భాగాన్నే తడుముతుంది. గడ్డ పొరంతా పాకి ఉంటే దొరక్కపోవడం అరుదు, ఒక మూల చిన్న పాలిప్‌లో ఉంటే తప్పించుకుంటుంది. రిపోర్టు "తగినంత కణజాలం లేదు" అని వస్తే దాన్ని నార్మల్ అనుకోకూడదు. పొర 11 మి.మీ. ఉండి ముక్క చాలలేదంటే, కెమెరాతో లోపల చూస్తూ తీసే హిస్టరోస్కోపీ చేయించాలి. రిపోర్టు నార్మల్ వచ్చి రక్తం మళ్లీ కనబడినా అంతే. ఇంకో ముఖ్యమైన సంగతి: ముక్క తీసే ముందు రక్తం ఆగడానికి నోరెథిస్టిరాన్, మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ లాంటి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. పెళ్లికో, వ్రతానికో ముట్టు వాయిదా వేసుకునే మాత్రలివే కాబట్టి ఇంట్లో పడి ఉంటాయి. రక్తం ఆగుతుంది, "తగ్గిపోయింది" అనుకుంటాం, ఆరు నెలలు గడిచిపోతాయి. పైగా ఆ మందు ప్రభావం పొర మీద పడితే మైక్రోస్కోప్ కింద చూసేవాళ్లకు నిర్ధారణ తికమకవుతుంది. వేసుకుని ఉంటే ముక్కతోపాటు పంపే కాగితం మీద ఆ మందు పేరు, ఎన్ని రోజులన్నది తప్పక రాయించండి.

రిపోర్టులో "హైపర్‌ప్లేసియా, ఎటిపియా లేదు" అని వస్తే, అంటే పొర మందమైంది కానీ కణాల రూపు మారలేదని వస్తే, ఊపిరి పీల్చుకోండి. 20 ఏళ్లలో క్యాన్సర్‌గా మారేవి నూటికి 5 లోపే, ప్రొజెస్టిరాన్‌తో, ముఖ్యంగా హార్మోన్ లూప్‌తో, చాలావరకు తగ్గుతుంది. "ఎటిపికల్ హైపర్‌ప్లేసియా" లేదా "ఈఐఎన్" అని వస్తే కణాల రూపు మారిందని అర్థం, అది వేరే దారి. అలాంటివాళ్లకు ఆపరేషన్ చేసి చూస్తే మూడో వంతు మందికి పైగా అప్పటికే క్యాన్సర్ ఉన్నట్టు తేలిన అధ్యయనాలున్నాయి. దాన్ని క్యాన్సర్ అనుకునే సిద్ధపడి, గైనిక్ ఆంకాలజీ (ఆడవాళ్ల క్యాన్సర్ల వైద్యం) తెలిసినవాళ్ల దగ్గర చేయించుకోవాలి.

క్యాన్సర్ అనే తేలితే ఎమ్మారై తీసి కండరంలోకి ఎంత లోతు దిగిందో చూస్తారు, సగం లోపా సగం దాటిందా అన్నది కీలకం. ఆపరేషన్ లాపరోస్కోపీలో చేసినా ఫలితం తగ్గదు, లావుగా ఉన్నవాళ్లకు పుండు చీము పట్టే బాధ తప్పుతుంది. ఆ లోగా షుగర్ అదుపులోకి తెచ్చుకోవాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడగండి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని మాట, మీ చేతిలో ఉన్న మాట. ఆపరేషన్ అయ్యాక తీసిన సంచిని చాలాచోట్ల డబ్బాలో పెట్టి బంధువుల చేతికే ఇచ్చి ల్యాబ్‌కి పంపుతారు. ఆ డబ్బా మీద ఆధారపడి మిగతా వైద్యమంతా నడుస్తుంది. అందులో పోయాల్సింది కణజాలం కుళ్లకుండా నిలవ ఉంచే ద్రవం, 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్. లీటరుకు కొలత: అమ్మే గాఢ ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. సంచి ఎంత ఉంటే దానికి పదింతలు ద్రవం కావాలి; 150 గ్రాముల సంచికి లీటరున్నర. చిన్న సీసాలో కుక్కి, పైన నాలుగు చెంచాలు పోస్తే చాలదు. ఫార్మలిన్ గంటకు ఒక మి.మీ. చొప్పునే లోపలికి దిగుతుంది. సంచి గోడ మందం రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కోయకుండా అలాగే వేస్తే మనకు కావాల్సిన లోపొర, అదీ మధ్యలో ఉన్నది, ఫార్మలిన్ చేరేలోపే కుళ్లిపోతుంది. రోహిణీ కార్తె ఎండల్లో తెనాలి నుంచి విజయవాడకు బస్సులో తెచ్చిన డబ్బాలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి థియేటర్‌లోనే సంచిని పక్కల వెంట నిలువుగా తెరిచి వేయమని సర్జన్‌ను ముందే అడగండి, లేదా గంటలోపు ల్యాబ్‌కి చేర్చి అక్కడ తెరిపించండి. సెలైన్‌లో, ఉత్త నీళ్లలో పెట్టి ఇస్తే తీసుకోకండి. మూత బిగించాక డబ్బా మీద పేరు, వయసు, ఐపీ నంబరు, తేదీ, సమయం ఉన్నాయో లేదో చూడండి. మూత మీద కాదు, డబ్బా మీదే రాయాలి, మూతలు మారిపోతాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇప్పుడు ఈ క్యాన్సర్‌కి వైద్యం స్టేజ్ ఒక్కదాన్ని బట్టి నడవడం లేదు. 2013లో జన్యువుల ఆధారంగా దీన్ని నాలుగు రకాలుగా విడదీశారు. అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య ఫీగో 2023 స్టేజింగ్‌లో ఆ విభజనకూ చోటిచ్చారు. కణజాలం సరిగ్గా నిలవ ఉంటేనే ఎంఎంఆర్ ప్రోటీన్లు (కణం డీఎన్ఏ తప్పులను సరిదిద్దేవి) నాలుగూ, పీ53 (గడ్డలను అణిచే ప్రోటీన్) రంగు పరీక్షల్లో తేలతాయి, పోలీ (POLE) అనే జన్యువు పరీక్ష కుదురుతుంది. పోలీ మార్పు ఉన్న స్టేజ్ 1, 2 జబ్బు చాలా మంచిది, రేడియేషన్ కూడా అక్కర్లేకపోవచ్చు. పీ53 చెడితే అదే స్టేజ్‌లో కూడా గట్టి వైద్యం కావాలి. ఎంఎంఆర్ లోపం నూటికి 25 నుంచి 30 మందిలో ఉంటుంది; ముదిరిన జబ్బులో వాళ్లకు ఇమ్యునోథెరపీ బాగా పనిచేస్తుందని 2023లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ చూపించాయి. మందు ఖరీదు చాలా ఎక్కువ, ఆ మాట ముందే మాట్లాడుకోవాలి.

రిపోర్టు వచ్చాక ఇవి ఉన్నాయో లేదో ఒక్కొక్కటే వేలు పెట్టి చూడండి: క్యాన్సర్ రకం, గ్రేడ్, కండరంలోకి దిగిన లోతు, రక్తనాళాల్లోకి ప్రవేశం, సర్విక్స్ స్థితి, గ్రంథులు ఎన్ని తీశారు ఎన్నిట్లో ఉంది, ఎంఎంఆర్, పీ53. ఏదైనా లేకపోతే ల్యాబ్‌ను అడగొచ్చు, కణజాలాన్ని మైనంలో పోసి దాచిన పారఫిన్ బ్లాకులు అక్కడే ఉంటాయి. వేరే ఊరు వెళ్లాల్సి వస్తే రిపోర్టు కాగితంతోపాటు ఆ బ్లాకులు, స్లైడ్లు కూడా సంతకం పెట్టి తీసుకెళ్లండి.

ఎంఎంఆర్ లోపం తేలితే ఇంకో ప్రశ్న మిగులుతుంది, అది మీ ఇంటి మొత్తానిది. వాళ్లలో కొందరికి అది వంశపారంపర్యం, లించ్ సిండ్రోమ్ అంటారు. అందులో కొన్ని జన్యువులైతే లోపొర క్యాన్సర్ ముప్పు జీవితకాలంలో నూటికి 40 పైనే, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువే. పెద్దమ్మగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల్లో 50 లోపు పెద్దపేగు క్యాన్సర్‌గానీ, గర్భసంచి క్యాన్సర్‌గానీ వచ్చినవాళ్లు ఉన్నారా అని మీ అమ్మగారిని ఈలోగా అడిగి రాసిపెట్టుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీలు, ఆ కాగితం, మూడూ తీసుకెళ్లండి.